గింజ గట్టిపడేటప్పుడు ఎండ ఎట్లా ఉండింది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు సోయా చిక్కుడు గురించే. చెనిక్కాయల సీమలో కూర్చుని సోయా మీద ఇంత రాయాల్సి వస్తుందని పాఠాలు చెప్పే రోజుల్లో నేను అనుకోలేదు. పలమనేరు ఉత్తరం పొడుగైంది, దానికి జవాబూ పొడుగే. మిగతా ముగ్గురూ కాస్త సర్దుకోవాలి.

ప్రశ్న: అమ్మా, మాది పలమనేరు పక్కన పల్లె. పోయిన ఏడు జూలై మొదటి వారంలో అరెకరంలో సోయా చిక్కుడు వేశాను. అదే సంచిలో విత్తనం సగం మా బావమరిది తీసుకెళ్ళి శ్రీకాళహస్తి దగ్గర వాళ్ళ అరెకరంలో వేశాడు. నాకు 50 కిలోల మూటలు 4 అయ్యాయి. వాడికి బోరు ఆగస్టు ఆఖర్లో ఎండిపోయి 2 మూటల చిల్లర, 110 కిలోలు వచ్చాయి. మా అబ్బాయి సరదా కొద్దీ ఇద్దరి గింజలూ ల్యాబ్‌లో పరీక్ష చేయించాడు. విటమిన్ ఇలో ఆల్ఫా అనేది నా గింజలో 100 గ్రాములకు 1.2 మిల్లీగ్రాములు, వాడి గింజలో 2.3. ఎరువుల అంగడాయన్ని అడిగితే "నువ్వు పొటాష్ తక్కువేశావు, అందుకే" అన్నాడు. విటమిన్ ఇ పెంచే ద్రావణమట, లీటరు 900 రూపాయలు, ఈసారి పిచికారీ చేయమంటున్నాడు. కొనేదా వద్దా? — ఒక రైతు, పలమనేరు

జవాబు: కొనవద్దు నాయనా. ఆ 900 రూపాయలతో ఏం చేయాలో చివర్లో చెప్తాను.

నువ్వు పంపిన ల్యాబ్ కాగితం నా ముందే ఉంది. మీ ఇంట్లో అందరూ పై గీత చూసి ఆగిపోయినట్టున్నారు. కింద 'మొత్తం' అని ఇంకో గీత ఉంది చూడు. నీది 23.1, మీ బావమరిదిది 22.8. అంటే వాడి గింజలో విటమిన్ ఇ ఎక్కువేమీ లేదు. ఉన్నదాంట్లోనే పంపకం మారింది.

విటమిన్ ఇ అనేది ఒక్క పదార్థం కాదు. ఎనిమిది మంది ఉన్న ఇల్లు అనుకో. నలుగురు టోకోఫెరాల్స్, నలుగురు టోకోట్రయినాల్స్. సోయా గింజలో లెక్కకు వచ్చేది టోకోఫెరాల్స్ నలుగురే: ఆల్ఫా, బీటా, గామా, డెల్టా. అందులో పెత్తనమంతా గామాదే, మొత్తంలో ఇంచుమించు మూడింట రెండు వంతులు. దాని తర్వాత డెల్టా. ఆల్ఫా సాధారణంగా పదో వంతు కూడా ఉండదు. మరి అందరూ ఆల్ఫా, ఆల్ఫా అని ఎందుకంటారంటే, మన కాలేయంలో ఒక ప్రోటీన్ ఉంది. అది ఈ నలుగురిలో ఆల్ఫానే ఏరి రక్తంలోకి పంపుతుంది. గామాను చాలావరకు సాగనంపేస్తుంది. అందుకే చాలా పోషకాల పట్టికల్లో విటమిన్ ఇ అని వేసే అంకె ఒక్క ఆల్ఫాదే. అలాగని గామా దండగ కాదు. సోయా నూనె నిలవలో తొందరగా చెడువాసన కొట్టకుండా కాపు కాసేది అదే.

ఇక మీ ఇద్దరి చేన్ల సంగతి. మొగిలి ఘాట్ రోడ్డు ఎక్కితేనే గాలి మారిపోతుందని నీకు నేను చెప్పాలా? మీ ఊరు సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంది. శ్రీకాళహస్తి 100 మీటర్ల లోపే. జూలై మొదట్లో విత్తిన సోయా ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా కాయలో గింజ పోసుకుంటుంది. ఆ రోజుల్లో నీ చేను మీద మబ్బు, చల్లగాలి. వాడి చేను మీద ఉడుకు, పైగా బోరు ఎండి నీటి కరువు. ఈ రెండూ ఆల్ఫాను పెంచేవే. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలో బ్రిట్జ్, క్రెమర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2002లో ఈ సంగతే ప్రచురించారు. గింజ ముదిరే రోజుల్లో వేడి గానీ, నీటి ఎద్దడి గానీ ఉంటే సోయాలో ఆల్ఫా రెండు మూడు రెట్లవుతుంది. ఆ మేరకు గామా, డెల్టా తగ్గుతాయి. మొత్తం పెద్దగా కదలదు. మీ బావమరిది అరెకరంలో వాడికి తెలియకుండానే ఆ ప్రయోగం మళ్ళీ జరిగింది.

గమనించు, అంతా 'గింజ ముదిరే రోజుల్లో' అనే మాట మీదే ఉంది. మొక్క చిన్నగా ఉన్నప్పుడు ఎంత ఎండ కాసింది, ఎంత వాన పడింది అన్నది దిగుబడికి లెక్క. గింజలో ఆల్ఫా ఎంత, గామా ఎంత అన్నది తేలేది కాయ ఉబ్బి గింజ గట్టిపడే ఆ నాలుగైదు వారాల్లో. కెనడాలోనూ విత్తే తేదీ మార్చి చూశారు. అక్కడ ఆలస్యంగా విత్తితే గింజ చలిలో ముదురుతుంది, ఆల్ఫా పడిపోతుంది. ముందుగా విత్తితే ఎక్కువ. బాస్వరం, పొటాష్ మోతాదులు మార్చినందువల్ల కనిపించే తేడా దీని ముందు ఏపాటిదీ కాదు. పొటాష్ వేయవద్దని కాదు. భూసార పరీక్షలో తక్కువని వస్తే దిగుబడి కోసం వెయ్యి. విటమిన్ కోసమని వేస్తే అంగడాయనకే లాభం.

ఆ ద్రావణం సంగతి. విటమిన్ ఇ మొక్కకు మనం తాపించేది కాదు, అది లోపల తయారు చేసుకునేది. గింజలో ఉండేదాన్ని గింజే తయారు చేసుకుంటుంది. ఆకు మీద ద్రావణం చల్లినంత మాత్రాన గింజలో ఆల్ఫా పెరుగుతుందని నమ్మకు.

ఇప్పుడు నన్ను నవ్వించిన లెక్క చెప్తాను. నీ 200 కిలోలు, కిలోకు 12 మిల్లీగ్రాముల ఆల్ఫా. గుణిస్తే 2.4 గ్రాములు. మీ బావమరిది 110 కిలోలు, కిలోకు 23 మిల్లీగ్రాములు. గుణిస్తే 2.5 గ్రాములు. రెండు అరెకరాల్లోంచి బయటికొచ్చిన ఆల్ఫా ఒక్కటే! వాడి గింజలో రెట్టింపు ఉందని నువ్వు దిగులు పడ్డావు గానీ, వాడు 90 కిలోల గింజ పోగొట్టుకున్నాడు. కాబట్టి విటమిన్ పెంచుదామని గింజ కట్టేటప్పుడు నీళ్ళు ఆపే తెలివి మాత్రం ఎవరికీ చెప్పకు. అప్పుడే సోయాకు నీళ్ళు ఎక్కువ అవసరం.

ఇంకొకటి అడగాలి. ల్యాబ్‌కు గింజ పంపారా, పిండి పంపారా? నా పాత తప్పు ఒకటి గుర్తొచ్చి అడుగుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడు ఊళ్ళ సోయా గింజలు పరీక్షకు తెచ్చాం. రెండు ఊళ్ళవి ఆ రోజే పిండి పట్టి ద్రావకంలో నానేశాం. మూడో ఊరి పిండి నేను స్టీలు గిన్నెలో పోసి కిటికీ పక్కన పెట్టి, పుత్తూరులో పెళ్ళుంటే వెళ్ళిపోయాను. తొమ్మిది రోజుల తర్వాత వచ్చి పరీక్ష చేస్తే అందులో విటమిన్ ఇ బాగా తక్కువ. ఆ ఊరి నేలలో జింకు లోపం ఉండి ఉంటుందని రెండు పేజీలు నింపాను. మా అటెండరు కాగితం అందుకుని వెళ్తూ, "మేడమ్, ఆ గిన్నె కిటికీలో ఎండకు పెట్టింది మీరే కదా" అన్నాడు. రెండు పేజీలూ చించేశాను. గింజ పైతోలుతో ఉన్నంతకాలం విటమిన్ ఇ లోపల భద్రంగానే ఉంటుంది. పిండి చేస్తే గాలి, వెలుతురు, వేడి మూడూ కలిసి దాన్ని తినేస్తాయి. ఒకరిది గింజగా, ఒకరిది పిండిగా పంపి ఉంటే ఆ రిపోర్టు పోలికకు పనికిరాదు. నీ కాగితంలో రెండు మొత్తాలూ దగ్గరగా ఉన్నాయి కాబట్టి అలా జరగలేదనే అనుకుంటున్నాను.

ఈ ఏడు మళ్ళీ వేస్తానని రాశావు. జూలై దాకా ఆగకు. జూన్‌లో మంచి పదును దొరికితే విత్తెయ్యి. విటమిన్ కోసం కాదు. మనకు అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు దిగుతాయి. ఎండిన కాయ చేలో ఉండగా నాలుగు రోజులు ముసురు పట్టిందంటే గింజ మచ్చలు పడుతుంది, బూజు వస్తుంది, కాయలోనే మొలకెత్తేస్తుంది. సుమారు 100 రోజుల రకాన్ని జూన్‌లో వేస్తే సెప్టెంబరు ఆఖరుకు కల్లానికి చేరుతుంది.

900 రూపాయల మాట. అందులో కొంచెం పెట్టి సోయాకని చెప్పి రైజోబియం కల్చర్, అంటే వేళ్ళ బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు పట్టిచ్చే బ్యాక్టీరియా, తెచ్చి విత్తనానికి పట్టించు. ఎన్నేళ్ళుగానో చెనిక్కాయ వేసిన నేల కదా, వేళ్ళకు బుడిపెలు వాటంతటవే వస్తాయనుకోకు. చెనిక్కాయకు పనిచేసే బ్యాక్టీరియా వేరు, సోయాకు కావలసింది వేరు. తడి విత్తనాన్ని గట్టిగా నలపవద్దు, సోయా పైతోలు ఉల్లిపొరంత పలచన. మిగిలిన డబ్బు జేబులోనే ఉంచుకో.

ఆవులకు కూడా పెడుతున్నానని ఉత్తరం అంచున రాశావు. పచ్చి సోయా గింజ పెట్టే రోజు దాణాలో యూరియా కలపకు. గింజలోని ఎంజైము యూరియాను అమ్మోనియాగా విడగొడుతుంది, పశువుకు ప్రమాదం. వాటికి విటమిన్ ఇ కావాలంటే పచ్చగడ్డి ఉంది. గింజలో గామాది పెత్తనమైతే ఆకులో ఆల్ఫాది. ఎండుగడ్డి అయ్యేసరికి అందులో చాలా భాగం పోతుంది.

ప్రశ్న: మేడమ్, నాకు 34 ఏళ్ళు. చర్మం పొడిబారుతోందని, విటమిన్ ఇ కోసం వారానికి మూడుసార్లు మీల్ మేకర్ కూర చేస్తున్నాను. మా అత్తగారు 'ఆ రబ్బరు ముక్కలెందుకు' అని గొడవ. సోయాలో విటమిన్ ఇ ఉంటుందని ఆవిడకు మీరైనా చెప్పండి. — ఒక గృహిణి, తిరుపతి

జవాబు: అమ్మాయ్, ఈసారికి గెలుపు మీ అత్తగారిదే. సోయాలో ఉంటుంది, మీల్ మేకర్‌లో ఉండదు. సోయా గింజలోంచి నూనె తీసేశాక మిగిలిన పిండితో చేసేది మీల్ మేకర్. విటమిన్ ఇ నూనెలో కరిగేది. నూనె ఎటు పోతే అదీ అటే పోయింది. నీ కూరలో మిగిలింది ప్రోటీన్. అది మంచిదే, పిల్లలకు పెట్టు. దాన్ని విటమిన్ ఇ అని మాత్రం పిలవకు.

సోయా గింజే ఉడికించుకు తిన్నా, 100 గ్రాముల ఎండు గింజలో ఆల్ఫా మిల్లీగ్రాము అటూ ఇటూ. పైన పలమనేరు రైతు కాగితం చూశావుగా, ఎండల్లో పండి రెట్టింపైన గింజలోనూ రెండు చిల్లరే. అదే 100 గ్రాముల పచ్చి చెనిక్కాయ గింజల్లో సుమారు 8 మిల్లీగ్రాములు. పొద్దుతిరుగుడు గింజల్లో 35, బాదంలో 25. పెద్దవాళ్ళకు రోజుకు 15 మిల్లీగ్రాములు అన్నది అమెరికా వాళ్ళ లెక్క. గుప్పెడు చెనిక్కాయలు, పొద్దుతిరుగుడు నూనెతో వంట, ఆకుకూర. ఇవి ఉన్న ఇంట్లో లోటు పడటం కష్టం. మీ అత్తగారు దోసెల్లోకి నూరే చెనిక్కాయల చట్నీ గురించి గొడవేమీ లేదనుకుంటాను.

చర్మం పొడిబారడానికి ఇంకా ఎన్నో కారణాలుంటాయి. కొత్తగా మొదలైందంటే థైరాయిడ్ పరీక్షకు ఒకసారి డాక్టరును కలువు. సొంతంగా క్యాప్సూళ్ళు మొదలుపెట్టకు. ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ఎక్కువ మోతాదు విటమిన్ ఇ జోలికి వెళ్ళకూడదు.

ప్రశ్న: మాది చంద్రగిరిలో ఎద్దు గానుగ. చెనిక్కాయ, నువ్వులు, కొబ్బరి ఆడతాం. రీఫైన్డ్ సోయా నూనెలో విటమిన్ ఇ పోతుందని చదివి, సోయా కూడా గానుగ ఆడదామని మా తమ్ముడి ఆలోచన. గిట్టుతుందా?

జవాబు: మీ తమ్ముడు చదివింది సగం నిజం. రీఫైనరీలో ఆఖరి దశ వాసన తీయడం. 200 డిగ్రీలకు పైన కాచి, గాలి లేని తొట్టిలో ఆవిరి పంపిస్తారు. అప్పుడు వాసనతోపాటు టోకోఫెరాల్స్ కొంత ఎగిరిపోతాయి. చాలా భాగం నూనెలోనే ఉంటాయి. ఎగిరినదాన్ని కూడా ఎవరూ పారబోయరు. చల్లబరిచి పట్టుకుంటారు. మందుల షాపుల్లో సహజ విటమిన్ ఇ అని అమ్మే క్యాప్సూళ్ళకు ప్రపంచంలో పెద్ద ముడిసరుకు ఆ మడ్డే. సోయా రైతు గింజలోని గామాను కూడా ఫ్యాక్టరీలో ఆల్ఫాగా మార్చి సీసాలో పోస్తారన్నమాట.

గిట్టుబాటు మాట అడిగితే, వద్దంటాను. చెనిక్కాయ గింజలో నూనె దాదాపు సగం. సోయాలో అయిదో వంతు. ఆ కాస్తా గానుగకు సరిగ్గా దిగదు, చెక్కలోనే ఉండిపోతుంది. దిగిన నూనె జిగురుగా, పచ్చి చిక్కుడు వాసనతో ఉంటుంది. మీ అంగడికి వచ్చేవాళ్ళు ఒక్కసారి కొంటారు, రెండోసారి చెనిక్కాయ నూనే అడుగుతారు. ఎద్దుకు ఆ శ్రమ ఎందుకు?

ప్రశ్న: నమస్తే మేడమ్, నేను వ్యవసాయ బీఎస్సీ మూడో ఏడు. వేడిలో ఆల్ఫా పెరిగి గామా తగ్గుతుందని క్లాసులో చెప్పారు. ఎందుకు తగ్గాలి? రెండూ పెరగొచ్చు కదా? పరీక్షలో ఇదొస్తుందని టెన్షన్. — ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: టెన్షన్ పక్కన పెట్టు, ప్రశ్న బాగుంది. గామాకు, ఆల్ఫాకు తేడా ఒకే ఒక్క మిథైల్ గుంపు, అంటే ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ల చిన్న ముక్క. గామాకు అది తగిలిస్తే ఆల్ఫా అవుతుంది. తగిలించే ఎంజైము పేరు గామా టోకోఫెరాల్ మిథైల్ ట్రాన్స్‌ఫరేజ్. అంటే ఆల్ఫా వేరే దారిలో వచ్చేది కాదు, గామా ఖర్చయితేనే వస్తుంది. మజ్జిగ చిలికితే వెన్న వస్తుంది, ఆ మేరకు మజ్జిగలో వెన్న తగ్గుతుంది కదా, అలాగ. సోయా గింజలో ఈ చివరి మెట్టు దగ్గర పని మందకొడిగా సాగుతుంది. అందుకే గామా పేరుకుపోయి ఉంటుంది. వేడిలో మొత్తం మారకుండా ఆల్ఫా పెరిగి గామా తగ్గిందంటే, ఆ మెట్టు మీద పని చురుకైందని అర్థం.

ఈ మెట్టుకే తాళం ఉందని 1998లో షింటాని, డెల్లాపెన్నా ఆవాల కుటుంబంలోని అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో చూపించారు. ఆ ఎంజైము జన్యువును గింజలో ఎక్కువగా పనిచేయిస్తే గామా దాదాపు అంతా ఆల్ఫా అయిపోయింది. 2003లో జన్యుమార్పిడి చేసిన సోయాలోనూ అలాగే ఆల్ఫాదే పైచేయి అయింది. జన్యుమార్పిడి లేకుండానే ఆల్ఫా ఎక్కువుండే పాత రకాలు తూర్పు యూరప్‌లో దొరికాయి. కెస్ట్‌హెయీ అనే హంగరీ ఊరి పేరుతో ఒక రకం ఉంది. అందులో మొత్తంలో అయిదో వంతుకు పైనే ఆల్ఫా. జపాన్ శాస్త్రవేత్తలు దాన్ని తీసుకుని, తేడా ఈ ఎంజైము జన్యువు ముందుండే మీట లాంటి భాగంలోనే ఉందని పట్టుకున్నారు. పరీక్షలో ఇది రాస్తే మార్కులు ఎక్కడికీ పోవు. పనిలో పనిగా వేడివల్ల సోయా నూనెలోని కొవ్వు ఆమ్లాల్లో ఓలియిక్ ఆమ్లం పెరిగి లినోలెనిక్ ఆమ్లం తగ్గుతుందని కూడా ఒక ముక్క రాయి. పేపరు దిద్దేవాళ్ళకు అది నచ్చుతుంది. ఈ మాట నేను చెప్పానని అనకు.

పలమనేరు నాయనా, ఒక మాట మరిచాను. నీ ల్యాబ్ కాగితం వెనకాల పెన్సిలుతో ఎవరో పాల లెక్క వేసి ఉన్నారు, పొద్దుట పూట, సాయంత్రం పూట, పదకొండు రోజులది. మీ ఆవిడ వెతుక్కుంటూ ఉంటుంది. ఈ రోజే పోస్టులో వెనక్కి పంపిస్తున్నాను.